వంతెనల నిర్మాత థామస్ టెల్ఫర్డు

స్కాట్లండు దేశపు దక్షిణపుటంచున, ఇంగ్లండు సరిహద్దునకు సమీపమున ఎస్క్‌డేల్ అను లోయ కలదు. ఎస్క్ అనునది అచ్చటి నది పేరు. డేల్ అనగా లోయ. నదికి ఇరువైపుల పచ్చిక కప్పిన గుండ్రని కొండలు వరుసలు తీరి నిలిచియుండును. ఆ కొండలపై పంటపొలముల కంటె గొఱ్ఱెల మందలే ఎక్కువగా కనబడును. రెండు చిన్న యేఱులు వచ్చి ఎస్క్ నదిలో కలియు చోట లాంగ్‌హోం అను చిన్న పట్టణము వెలసినది.

ఒకప్పుడీ సీమకు మంచి పేరు లేదు. రెండు రాజ్యముల నడుమ చిక్కుకొన్న ఈ లోయలో పశువులను దోచుకొనుటయే చాలమందికి వృత్తిగా నుండెను. ఆర్మ్‌స్ట్రాంగు వంశమువారు అందులో ఆరితేరినవారు. వారి నాయకుడైన జానీ ఆర్మ్‌స్ట్రాంగును స్కాట్లండు రాజగు ఐదవ జేమ్సు 1530లో ఉరితీయించెను. ఆ వంశమువారి గిల్నాకీ బురుజు నేటికిని నదీతీరమున నిలిచియున్నది. 1603లో రెండు రాజ్యములకును ఒక్కడే రాజైన పిదప దోపిడులు క్రమముగా అణగిపోయెను. కత్తి పట్టినవారి మనుమలు చేతికఱ్ఱ పట్టి గొఱ్ఱెలను కాయసాగిరి.

అట్టి కాపరుల గుడిసెలలో నొకదానియందు పుట్టిన బాలుడు బ్రిటను దేశమునందంతటను దారులు వేసి, నదులపై వంతెనలు కట్టి, కొండల నడుమ కాలువలు త్రవ్వించి మహాయశస్సు నార్జించెను. అతడే థామస్ టెల్ఫర్డు.

టెల్ఫర్డు 1757వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన ఎస్క్‌డేల్ ఎగువభాగమున, వెస్టర్‌కర్క్ గ్రామసీమలోని గ్లెన్‌డినింగ్ అను చోట జన్మించెను. తండ్రి జాన్ టెల్ఫర్డు గొఱ్ఱెల కాపరి. తల్లి పేరు జానెట్. బిడ్డకు మూడు నెలలైనను నిండెనో లేదో, తండ్రి మరణించెను. యజమాని యిచ్చిన గుడిసె కాపరి బ్రతికియున్నంతవఱకే. కనుక జానెట్ పసికందును చంకనెత్తుకొని ఆ చోటు విడిచి, వేఱొక చిన్న యింట సగము భాగములో తలదాచుకొనవలసివచ్చెను.

దిక్కులేని ఆ తల్లిని లోయలోని వారు విడిచిపెట్టలేదు. చుట్టుప్రక్కల రైతులు ఆమెకు తమ యిండ్లలో పని చూపించిరి. బాలుడు కొంత పెరిగిన పిదప, వేసవిలో ఒకరి మందను, శీతకాలమున మఱొకరి పనులను చూచుచు తన కూడు తాను సంపాదించుకొనెను. పేదతన మతని ముఖమున కనబడెడిది కాదు. ఎల్లప్పుడును నవ్వుచుండుటచే ఊరివారతనిని నవ్వుల టామ్ అని పిలుచుచుండిరి.

ఆ కాలమున స్కాట్లండునందు ప్రతి గ్రామసీమకును ఒక పాఠశాల యుండెడిది. మేనమామ సాయముతో థామస్ వెస్టర్‌కర్క్ పాఠశాలలో చేరి చదువను, వ్రాయను, లెక్కలు కట్టను నేర్చుకొనెను. అచ్చట కాపరి కొడుకును, భూస్వామి కొడుకును ఒకే బల్లపై కూర్చుండి చదివెడివారు. ఆ బల్లపై కుదిరిన స్నేహములు టెల్ఫర్డునకు జీవితమంతయు తోడుగా నిలిచెను. ఆండ్రూ లిటిల్ అను సహాధ్యాయి పిమ్మట ఓడలపై వైద్యుడుగా పనిచేసి, చూపు కోల్పోయి, లాంగ్‌హోంనకు మఱలివచ్చి పాఠశాల నడిపెను. టెల్ఫర్డు ఎంత దూరమున నున్నను అతనికి జాబులు వ్రాయుట మానలేదు.

చదువు ముగిసిన పిదప థామస్‌ను రాతిపని నేర్చుకొనుటకై లాక్‌మేబన్ అను ఊరిలో నొక పనివానియొద్ద చేర్చిరి. ఆ యజమాని కఠినుడు. బాలుడు ఆ బాధలకు తాళలేక కొన్ని నెలలకే పాఱిపోయి తల్లిని చేరెను. అంతటితో నతని కథ ముగిసియుండెడిదే. కాని బంధువులు మరల ప్రయత్నించి లాంగ్‌హోం పట్టణములో ఆండ్రూ థామ్సన్ అను మంచి పనివానియొద్ద చేర్చిరి. ఈసారి ఉలియు సుత్తియు ఆ బాలుని చేతికి ఒదిగెను.

లాంగ్‌హోంలో అప్పుడు పాత గుడిసెలు తొలగించి రాతి యిండ్లు కట్టుచుండిరి. వాగులపై చిన్న వంతెనలు వేయుచుండిరి. థామస్ చెక్కిన రాళ్లు వానిలో అనేకములు కలవు. 1778 ప్రాంతమున ఎస్క్ నదిపై కొత్త వంతెన కట్టినప్పుడు అతడును ఆ పనిలో పాల్గొనెను. రాతిపనివారు తాము చెక్కిన రాతిపై తమ గుర్తు వేయుట ఆచారము. ఆ వంతెన కమాను క్రింద టెల్ఫర్డు వేసిన గుర్తులు నేటికిని ఉన్నవని చూపుదురు.

ఆ వంతెనను గూర్చి యొక కథ చెప్పుకొందురు. వంతెన ఏడు సంవత్సరముల వఱకు చెక్కుచెదరక నిలుచునట్లు చూచు భారము కట్టిన థామ్సన్‌దే. ఒకనాడతడు ఊరిలో లేని సమయమున కొండలలో పెద్ద వాన కురిసి నది పొంగెను. థామ్సన్ భార్య భయపడి, వంతెన కూలిన తమ సంసారము కూలినట్లే యని ఏడ్చుచు పరుగున వచ్చి, వంతెన గోడకు వీపు ఆనించి నిలిచెనట! థామస్ ఆ ప్రక్కనే నిలిచి నవ్వుచు, ఇటువంటి వఱద లెన్ని వచ్చినను ఈ వంతెనకు భయము లేదని ఆమెను ఊరడించెను. ప్రతి రాయి ఎట్లు కూర్చబడెనో అతనికి తెలియును. అందుచేతనే అతనికి భయము లేకపోయెను. వఱద తీసెను, వంతెన నిలిచెను.

పగలంతయు రాళ్లు చెక్కిన ఆ యువకుడు రాత్రులు పుస్తకములు చదువుచుండెను. అవి కొనుటకు అతనియొద్ద ధనము లేదు. లాంగ్‌హోంలో పాస్లీ వంశపు వృద్ధురాలొకతె ఉండెను. కాపరి కొడుకు చదువునందు ఆసక్తి కలవాడని విని ఆమె తన బీరువా తలుపులు అతని కొఱకు తెఱచెను. మిల్టను మహాకవి కావ్య మతని చేతికి వచ్చినది అచ్చటనే. ఆ మహాకావ్యమును అతడు పొయ్యి వెలుగున చదివి మైమఱచెను. తానును పద్యములు వ్రాయ మొదలిడి, తన లోయను వర్ణించుచు ఎస్క్‌డేల్ అను పేరనే యొక కావ్యము వ్రాసెను. చేయి రాతిపై నిలిచినను, మనస్సు పుస్తకమునందు పెరుగుచుండెను.

ఆ రోజులలోనే అతడు మఱొక పని చేసెను. తాను కనులార చూచి ఎఱుగని తండ్రికి వెస్టర్‌కర్క్ స్మశానమున స్వయముగా నొక సమాధిఫలకమును చెక్కి నిలిపెను. కాపరిగా బ్రతికిన ఆ మనుష్యుని బ్రతుకు నిందలేనిదని దానిపై వ్రాసెను. ఆ ఫలకము నేటికిని అచ్చట నున్నది.

లాంగ్‌హోంలో నేర్చుకొనదగినదంతయు నేర్చుకొన్న పిదప టెల్ఫర్డు 1780లో ఎడింబరో నగరమునకు పోయెను. అచ్చట కొత్త నగరము వెలయుచుండెను. రెండేండ్లు అచ్చట పనిచేసి, భవనములను చూచి, పటములు గీయుట నేర్చుకొని, 1782లో లండనునకు బయలుదేరెను. ఎస్క్‌డేల్‌లోని యొక దొరవారికి లండనునకు గుఱ్ఱము నొకదానిని పంపవలసియుండగా, దానిపై నెక్కి పోవుటకు టెల్ఫర్డునకు అవకాశము దొరకెను. స్వారికి తగిన తోలు లాగు లేకపోగా తన బంధువొకని లాగును అడిగి తొడుగుకొని పోయెను. ఆ లాగు తిరిగి రాలేదని ఆ బంధువు చిరకాలము చెప్పుకొని నవ్వెడివాడట.

లండనులో సోమర్సెట్ హౌస్ అను గొప్ప భవనము కట్టుచుండగా నతడు రాళ్లు చెక్కు కూలివానిగా చేరెను. కాని తోడి పనివారివలె దినకూలితో తృప్తిపడక, సున్నము ఎట్లు గట్టిపడును, దూలము ఎంత బరువు మోయును, ఏ రాయి ఏ గాలికి అరిగిపోవును అను విషయములను పరీక్షించి పుస్తకములో వ్రాసికొనుచుండెను. 1784లో పోర్ట్స్‌మత్ ఓడరేవులోని కట్టడముల పర్యవేక్షణ అతనికి లభించెను. దానితో అతడు పనివాడుగా నుండుట మాని పని చేయించువాడయ్యెను.

ఎస్క్‌డేల్‌లోనే పుట్టి, ఇంగ్లండులో మహాధనికుడై, ష్రూస్‌బరీ నగరము తరఫున పార్లమెంటు సభ్యుడుగా నున్న విలియం పుల్టెనీ తన లోయవాడగు ఈ యువకుని గూర్చి విని, ఆ నగరములోని కోట మరమ్మతుకు పిలిపించెను. ఆ పని నచ్చుటచే 1787లో, ముప్పదియవ యేట, టెల్ఫర్డు ష్రాప్‌షైర్ జిల్లా ప్రభుత్వ కట్టడముల సర్వేయరుగా నియమింపబడెను.

ఆ మఱుసటి సంవత్సరమే అతని దక్షత ఎల్లరకును తెలియవచ్చెను. ష్రూస్‌బరీలోని సెయింట్ చాడ్ దేవాలయపు కప్పు కారుచున్నదని పెద్దలు అతనిని సలహా అడిగిరి. టెల్ఫర్డు పరీక్షించి, కప్పు మాట తరువాత, పునాదుల ప్రక్కనే సమాధులు త్రవ్వుటచే గోడలే కదలియున్నవి, వెంటనే వానిని బలపఱుపవలెనని చెప్పెను. పనికొఱకై భయపెట్టుచున్నాడని పెద్దలు నవ్విరి. కొలది దినములకే, ఒకనాటి తెల్లవాఱుజామున, దేవాలయపు గోపురము పెళపెళ విఱిగి కూలిపోయెను. జనులెవ్వరును లోపల లేరు గనుక ప్రాణనష్టము కాలేదు. అది మొదలు టెల్ఫర్డు మాటను తేలికగా త్రోసివేయువారు లేకపోయిరి.

1795లో సెవర్న్ నదికి గొప్ప వఱద వచ్చి పాత వంతెనలను కొట్టుకొనిపోయెను. వానిలో నొకదాని చోట, బిల్డ్‌వాస్ అను గ్రామమున, టెల్ఫర్డు 1796లో పోతయినుముతో వంతెన కట్టెను. దానికి కొంత దూరముననే 1779లో కట్టిన మొదటి యినుప వంతెన కలదు. టెల్ఫర్డు వంతెన దానికంటె 30 అడుగులు ఎక్కువ పొడవు గలదైనను, దానికి పట్టిన యినుము సగమే. బలము బరువులో లేదు, కూర్పులో నున్నదని అతడట్లు నిరూపించెను.

అప్పటికి ఇంగ్లండులో బొగ్గును, ఇనుమును పడవలపై చేరవేయుటకు కాలువలు విరివిగా త్రవ్వుచుండిరి. అట్టి కాలువ యొకటి వేల్సు దేశమున డీ నది లోయను దాటవలసివచ్చెను. లోయ మిక్కిలి లోతైనది. పడవలను లాకులద్వారా క్రిందికి దింపి మరల పైకెక్కించుట కష్టము. టెల్ఫర్డును, ఆ కాలువకు ప్రధానేంజనీరగు విలియం జెస్సప్పును కలిసి కాలువనే వంతెనపై నడిపింప నిశ్చయించిరి. 18 ఎత్తైన రాతి స్తంభములపై 1,007 అడుగుల పొడవున పోతయినుప తొట్టి నమర్చి, అందులో నీరు నింపి, దానిపై పడవలు పోవునట్లు చేసిరి. నదికి ఆ తొట్టి 126 అడుగుల ఎత్తున నున్నది. బరువు తగ్గుటకై స్తంభముల పైభాగమును లోపల గుల్లగా కట్టిరి. రాతిపని చూచువాడు లాంగ్‌హోం వాసియు, టెల్ఫర్డు చిననాటి మిత్రుడును అగు మాథ్యూ డేవిడ్సన్. పాంట్‌కసిల్తె అను ఈ కట్టడము పది సంవత్సరముల శ్రమకు పిమ్మట 1805లో ముగిసెను. ఇప్పటికిని దానిపై పడవలు పోవుచున్నవి. 2009లో ఐక్యరాజ్యసమితి సంస్థయగు యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను.

ఇన్ని ఘనకార్యములు చేసినను, టెల్ఫర్డు స్వదేశమునకు చేసిన సేవ వీనికన్నిటికిని మిన్న. స్కాట్లండు ఉత్తరభాగమున హైలాండ్సు అను విశాలమైన పర్వతసీమ కలదు. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున అచ్చట బండి పోదగిన దారులు మిక్కిలి అరుదు. సైన్యముకొఱకు పూర్వము వేసిన కొన్ని దారులు ఉన్నను, అవి నిటారుగా కొండలెక్కి దిగుచు వ్యాపారమునకు పనికిరాకుండెను. నదులకు వంతెనలు లేవు. పండినది అమ్ముకొనుటకు త్రోవ లేదు. పండనినాడు తెచ్చుకొనుటకును త్రోవ లేదు.

దీనికి తోడు మఱొక విపత్తు సంభవించెను. భూస్వాములు ఎక్కువ ఆదాయమునకు ఆశించి, తరతరములుగా సేద్యము చేసికొనుచున్న ప్రజలను తొలగించి ఆ నేలలను పెద్ద గొఱ్ఱెల మందలకు ఇయ్యసాగిరి. నిలువ నీడ లేనివారు ఓడలెక్కి సముద్రములు దాటి అమెరికాకు పోవుచుండిరి. ప్రభుత్వము కలవరపడి, కారణమును నివారణను తెలిసికొనుటకై టెల్ఫర్డును పంపెను. అతడు 1801, 1802 సంవత్సరములలో ఆ కొండసీమయంతయు తిరిగి చూచెను. అతడు గొఱ్ఱెల కాపరి కొడుకు. గొఱ్ఱెలమీద బ్రతికిన లోయనుండి వచ్చినవాడు. అయినను మనుష్యులను వెడలగొట్టి మందలను నింపుటయే ఈ వలసలకు ముఖ్యకారణమని తన నివేదికలో దాచక వ్రాసెను. దారులు, వంతెనలు, చేపల రేవులు, ఒక గొప్ప కాలువ నిర్మించినచో ప్రజలకు వెంటనే పని దొరకుననియు, పిమ్మట జీవనోపాధి కలుగుననియు సూచించెను.

1803లో పార్లమెంటు ఆ సూచనల నంగీకరించెను. వ్యయములో సగము ప్రభుత్వమును, సగము స్థానికులగు భూస్వాములును భరింపవలెనని నిర్ణయమయ్యెను. పని యంతయు టెల్ఫర్డునకు అప్పగింపబడెను. సుమారు పదునెనిమిది సంవత్సరములలో 920 మైళ్ల దారులును, చిన్నవియు పెద్దవియు కలిపి వేయికి పైగా వంతెనలును వెలసెను. ప్రతి సంవత్సరము అతడు ఆ సీమయంతయు తిరిగి పనులను తనిఖీ చేయుచుండెను. ఎండ, వాన, మంచు అతనికి లెక్కలేదు. ఉలి పట్టని కొండవాండ్రు వందలకొలది అతని పనులలో చేరి, రాతిపని, వడ్రంగము, దారులు వేయు పద్ధతియు నేర్చుకొని నిపుణులైరి.

ఒక వంతెన లేకపోవుట ఎంతటి కీడో తెలుపు సంఘటన ఆ కాలముననే జరిగెను. 1809 ఆగస్టులో డోర్నక్ సముద్రపు పాయలో సంతకు పోవు జనముతో నిండిన పడవ మునిగి సుమారు వందమంది మరణించిరి. ఆ పాయకు ఎగువన బోనార్ అను చోట టెల్ఫర్డు 1812లో ఇనుప వంతెన కట్టెను. అది 1892 నాటి వఱదలో పోయినను, ఆ చోటనే మరల వంతెన కట్టిరి. స్పే నదిపై క్రెయిగెల్లాకీ యొద్ద 1814లో కట్టిన వంతెన మాత్రము ఇంకను నిలిచియున్నది. 150 అడుగుల పొడవున ఒకే కమానుతో, రెండు చివరల కోటబురుజులవంటి గోపురములతో ఒప్పు ఆ వంతెనను చూచుటకు దూరదేశములనుండి జనులు వచ్చుచుందురు. 1829లో ఆ నదికి వచ్చిన ఘోరమైన వఱదను సైతము దాని యినుప కమాను తట్టుకొనెను. ఇప్పుడు దానిపై బండ్లు పోనీయక, నడచువారికి మాత్రమే విడిచిపెట్టిరి.

ఇక కాలువ సంగతి. ఉత్తర స్కాట్లండును ఏటవాలుగా చీల్చుచు పోవు లోయలో నెస్, ఓయిక్, లోకీ అను సరస్సులు ఒకదాని వెంట నొకటి కలవు. వానిని కలుపుచు కాలువ త్రవ్విన పడమటి సముద్రమునుండి తూర్పు సముద్రమునకు ఓడలు నేరుగా పోవచ్చును. ఉత్తరపు కొసనున్న భయంకరమైన తుపానులను తప్పించుకొనవచ్చును. 60 మైళ్ల ఆ జలమార్గములో 22 మైళ్లు మనుష్యులు త్రవ్వినదే. ఒక చోట ఓడలను మెట్లుమెట్లుగా ఎక్కించుటకై ఎనిమిది లాకులు వరుసగా కట్టిరి. దానికి సముద్రదేవత పేరు పెట్టి నెప్ట్యూన్ మెట్లు అని పిలుతురు. దీనికి కెలిడోనియన్ కాలువ అని పేరు.

ఏడు సంవత్సరములలో, మూడున్నర లక్షల పౌన్లతో ముగియునని తలచిన ఆ పని పందొమ్మిది సంవత్సరములు పట్టి, తొమ్మిది లక్షల పౌన్లను మ్రింగెను. 1822లో దానిని తెఱచునప్పటికి, అనుకొన్నంత లోతైనను రాలేదు. ఈలోపల ఫ్రాన్సుతో యుద్ధము ముగిసెను, ఓడలు పెద్దవయ్యెను, గాలికి వెఱవని ఆవిరి ఓడలు బయలుదేరెను. కాలువ తలచినంత వ్యాపారమును తేలేకపోయెను. దారులు ఊళ్లకు వెలుగు తెచ్చెనుగాని, భూస్వాముల మనస్సులను మార్చలేకపోయెను, వలసలు ఆగలేదు. దారి వేయుట ఇంజనీరు చేతిలోనున్నది. ఆ దారివెంట ఎవరు బాగుపడవలెనో నిర్ణయించుట అతని చేతిలో లేదు. టెల్ఫర్డు పనిలోని గొప్పతనమును ఈ లోటు తగ్గింపదు. కాని దీనిని దాచి చెప్పుట అతని జీవితచరిత్రకు న్యాయము కాదు. నేడా కాలువలో సరకుల ఓడలకు బదులు విహారపు పడవలు సాగుచున్నవి.

అతని కీర్తి సముద్రములు దాటెను. స్వీడను రాజు పిలువగా 1808లో ఆ దేశమునకు పోయి గోటా కాలువ మార్గమును నిర్ణయించెను. లండనునుండి వేల్సు పడమటి తీరమునకు పోవు రాజమార్గమును సంస్కరించెను. క్రింద పెద్ద రాళ్లు చేతితో పేర్చి, వానిపై చిన్న రాళ్లు పఱచి, నీరు నిలువక పోవునట్లు దారులు వేయుట అతని పద్ధతి. ఆ మార్గములో మేనాయ్ జలసంధి అడ్డుతగిలెను. యుద్ధనౌకలు తెఱచాపలెత్తి క్రిందుగా పోవలెను గనుక నీటిలో స్తంభములు నిలుపరాదు. టెల్ఫర్డు రెండు తీరముల గోపురములు లేపి, వానినుండి ఇనుప గొలుసులు వ్రేలాడదీసి, నీటికి వంద అడుగుల ఎత్తున 579 అడుగుల నిడివిగల వంతెనను కట్టెను. అంతటి వ్రేలాడు వంతెన అదివఱకు లోకమున లేదు. 1825 ఏప్రిలులో మొదటి గొలుసు పైకి లాగు దినము సమీపించినకొలది అతనికి నిద్ర పట్టలేదు. గొలుసు సరిగా అమరినదని తెలిసి మిత్రులు అభినందింప వచ్చినప్పుడు అతడు మోకరించి ప్రార్థించుచుండెనని చెప్పుదురు. లాంగ్‌హోం వఱదలో నవ్వుచు నిలిచిన యువకుడే ఇతడు. అప్పుడు భారము యజమానిది. ఇప్పుడు భారము తనది. 1826 జనవరి 30వ తేదీన వంతెన తెఱువబడెను.

టెల్ఫర్డు వివాహమాడలేదు. ఇరువది సంవత్సరములకు పైగా లండనులో నొక కాఫీ హోటలులోనే బస చేసెను. అతనిని చూచుటకై ఇంజనీర్లందఱు అచ్చటికే వచ్చుచుండుటచే వ్యాపారము బాగుగా సాగెడిది. అతడు సొంత యింటికి పోదలచినప్పుడు కొత్త యజమాని లబోదిబోమని, హోటలును కొన్నప్పుడు టెల్ఫర్డు కొఱకును కలిపి వెల యిచ్చితినని మొఱపెట్టుకొనెనట!

పేరు పెరిగినను అతడు పుట్టిన యిల్లు మఱువలేదు. తల్లి 1794లో మరణించువఱకు ఆమెకు ధనము పంపుచుండెను. ఆమె తేలికగా చదువుకొనవలెనని, జాబులలో అక్షరములను అచ్చులోనివలె విడివిడిగా పెద్దవిగా వ్రాయుచుండెను. 1820లో సివిల్ ఇంజనీర్ల సంస్థకు మొదటి అధ్యక్షుడయ్యెను. యువకులగు ఇంజనీర్లు పుస్తకములు చదువవలెననియు, తాము చేసిన పనులను వ్రాసి అందఱితో పంచుకొనవలెననియు అతడు పట్టుపట్టి ఆ సంస్థకు గ్రంథములు సమకూర్చెను.

ఎస్క్‌డేల్‌వారు అనేకులు ఆ కాలమున లోకమునందు పేరు పొందిరి. వారిలో సర్ జాన్ మాల్కమ్ ఒకడు. పదునేడుగురు సంతానముగల రైతు యింట 1769లో పుట్టి, పిన్నవయస్సుననే మదరాసు సైన్యములో చేరి భారతదేశమునకు వచ్చెను. 1798లో హైదరాబాదు రెసిడెంటునకు సహాయకుడుగా నియమింపబడి, నిజాము కొలువులోని ఫ్రెంచి దొరల సైన్యమును నిరాయుధము చేయు పనిలో పాల్గొనెను. తరువాత బొంబాయి గవర్నరయ్యెను. టెల్ఫర్డునకును మాల్కమునకును మంచి స్నేహము. లాంగ్‌హోం ఎదుటనున్న కొండపై మాల్కము పేర నిలిపిన వంద అడుగుల రాతిస్తంభము చాల దూరమునకు కనబడును.

టెల్ఫర్డు 1834 సెప్టెంబరు 2వ తేదీన లండనులో మరణించెను. ఆడంబరము వలదని అతడు కోరినను, మిత్రులు అతనిని రాజులును మహాకవులును విశ్రమించు వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో ఖననము చేసిరి. కాపరి కొడుకు సమాధి రాజుల సమాధుల సరసకు చేరెను. 1968లో ష్రాప్‌షైర్ ప్రాంతమున వెలసిన కొత్త పట్టణమునకు టెల్ఫర్డు అనియే పేరిడిరి.

అతని మరణశాసనమును తెఱచి చూడగా అందులో ఎస్క్‌డేల్ పేరు కనబడెను. గ్లెన్‌డినింగ్‌లో ఆంటిమొనీ అను లోహపు గని యుండెడిది. 1790వ దశకపు తొలి సంవత్సరములలో ఆ గని కూలీలు తమ చదువుకొఱకు వెస్టర్‌కర్క్‌లో చిన్న గ్రంథాలయము నెలకొల్పుకొనిరి. టెల్ఫర్డు ఆ గ్రంథాలయమునకును, లాంగ్‌హోం గ్రంథాలయమునకును వేయి పౌన్ల చొప్పున వ్రాసియిచ్చెను. ఆ ధనముపై వచ్చు వడ్డీతో ఏటేట పుస్తకములు కొనుచుండిరి. కొండలలోని కాపరులు గుఱ్ఱములపై వచ్చి పుస్తకములు తీసికొనిపోయెడివారు.

నేడును ఎస్క్‌డేల్ ప్రశాంతమైన లోయయే. ప్రతి సంవత్సరము జూలై చివరి శుక్రవారమున లాంగ్‌హోం ప్రజలు గుఱ్ఱములెక్కి తమ ఊరుమ్మడి భూముల పొలిమేరలు చుట్టివచ్చు ఉత్సవము జరుపుదురు. 1759లో న్యాయస్థానము ఆ భూములపై హక్కులను నిర్ణయించినప్పటినుండి ఈ ఆచారము సాగుచున్నది. ఆ ఉత్సవమునకు వచ్చినవారు ఎస్క్ నదిపై వంతెనను చూతురు. నదీతీరమున ఎగువకు పోయి బెంట్‌పాత్ గ్రామములో వెస్టర్‌కర్క్ గ్రంథాలయమును, టెల్ఫర్డు స్మారకశిలను దర్శింతురు.

ఒక వృద్ధురాలు తన పుస్తకముల బీరువా తెఱచి పేద బాలునికి చదువుకొన నిచ్చెను. ఆమె యిచ్చినది కొన్ని పుస్తకములే. ఆ బాలుడు పెద్దవాడై వేయి వంతెనలు కట్టెను. తుదకు తాను అందుకొన్న పుస్తకముల ఋణమును మఱచిపోక, తనవంటి పిల్లలకొఱకు ఆ బీరువాను ఎప్పటికిని తెఱచియుండునట్లు చేసిపోయెను. నదికి ఇరుదరులను కలుపునది వంతెన. ఒక తరమునకును వేఱొక తరమునకును నడుమ అట్టి వంతెనను కట్టునది విద్య. ఈ రెండు వంతెనలను కట్టినవాడు గనుకనే థామస్ టెల్ఫర్డు చిరస్మరణీయుడు.